మూగజీవి వైద్యం: మన బాధ్యత ఎంతవరకు?

2024 సెప్టెంబరు మొదటి వారం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నీటిని దిగువకు వదిలిన రోజులవి. బెజవాడలో బుడమేరు పొంగి ఎన్నో పేటలు మునిగిపోయాయి. మా రేపల్లె వైపు కృష్ణ కరకట్ట మీద జనం ఇసుక బస్తాలు వేస్తూ రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారు. లంక గ్రామాల నుంచి కట్టుబట్టలతో వచ్చినవారికి అన్నం పొట్లాలు కట్టే పనిలో మేము చదువు చెప్పే మక్తబ్ పిల్లలు కూడా ఉన్నారు. సరిగ్గా అలాంటి రోజున వెదురు బుట్టలో ఒక పిల్లిని పెట్టి, పైన తువ్వాలు కప్పి, గుంటూరు వెళ్ళే కారు కోసం మేము వీధి చివర నిలబడి ఉన్నాము.

ఎదురింటి పెద్దాయన చూశారు. "ఏం సాయిబు గారూ, ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళలో ఉంటే తమరు పిల్లిని పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరారా?" అన్నారు. ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు హదీసు పాఠాలు చెబుతున్న మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. కారు వచ్చింది, ఎక్కి కూర్చున్నాము. తెనాలి దాటేవరకు ఆ ప్రశ్న మాతోనే ప్రయాణం చేసింది.

ఈ పిల్లి మేము కోరి తెచ్చుకున్నది కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మర్నాడు ఫజర్ నమాజుకు వెళ్ళినప్పుడు మస్జిదు వజూఖానాలో అరుగు కింద ఏడాది వయసున్న మగపిల్లి ఒకటి ముడుచుకుని ఉంది. వెనక కాలికి గాయం, ఒళ్ళంతా బురద. చలికి వణుకుతోంది. పట్టుకోబోతే చేయి గీరింది. ఇంటికి తెచ్చాము. "వాన తగ్గేవరకు ఉంచి వదిలేద్దాం లెండి" అంది మా ఇంటావిడ. మేము సబ్బుతో పావుగంట సేపు చేయి కడుక్కుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి కుక్కకాటు సూది వేయించుకున్నాము. ఊరి పిల్లి గీరినా, కరిచినా ఈ జాగ్రత్త తప్పదు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మొత్తం నాలుగు సార్లు వెళ్ళాలి. అక్కడ అది ఉచితం. రేబిస్ మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం కనుక, "పిల్లే కదా" అని ఎవరూ ఊరుకోవద్దు.

వాన తగ్గింది గాని పిల్లి వెళ్ళలేదు. కాలు మానడానికి నెల పట్టింది. ఈలోగా పిల్లలు దానికి భూరా అని పేరు పెట్టేశారు. వీధిలో కుక్కలు ఎక్కువ. కుంటి కాలుతో వెళ్తే బతకదని మేము రాత్రిళ్ళు తలుపు వేయడం మొదలుపెట్టాము. తర్వాత పగలు కూడా వేశాము. ఆ తలుపు వేయడంతోనే మా మెడకు ఏదో చుట్టుకున్నదన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

2024 మార్చి, రమజాన్ నెల. తరావీహ్ ముగించి ఇంటికి వచ్చేసరికి భూరా పెరట్లో బూడిద పళ్ళెం దగ్గర కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. సన్నగా మూలుగుతోంది. వెనక భాగం నాకుకుంటూనే ఉంది. విరేచనం బిగుసుకుందేమో అనుకున్నాము. ఆముదం పట్టిద్దామా అన్నారొకరు. నొప్పికి పారాసిటమాల్ బిళ్ళలో సగం నలిపి పాలలో ఇమ్మన్నారు ఇంకొకరు. సగం బిళ్ళ నలిపాము కూడా. అల్హమ్‌దులిల్లాహ్, అది నోరు తెరవలేదు. పాలు ఒలికిపోయాయి.

తెల్లవారి ఊళ్ళోని పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళి ఈ సంగతి చెబితే ఆయన చేతిలో పని ఆపేశారు. "మౌల్వీ గారూ, ఆ సగం బిళ్ళ లోపలికి పోయి ఉంటే దాన్ని నా దగ్గరకు తెచ్చే పని ఉండేది కాదు" అన్నారు. మనిషి కాలేయం విరిచివేసే ఆ మందును పిల్లి కాలేయం విరిచివేయలేదట. దానికి కావలసిన సరంజామా పిల్లి శరీరంలో చాలా తక్కువ. ఆ విషం రక్తాన్ని పాడుచేస్తుంది, పిల్లికి ఊపిరి అందదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. మన ఇళ్ళలో ప్రతి అలమరాలో ఉండే మందు ఇది. మనం దయతో ఇచ్చేదే కనుక ఇంత వివరంగా రాస్తున్నాము. మనుషుల నొప్పి బిళ్ళ ఏదైనా సరే, వైద్యుణ్ణి అడగకుండా పిల్లికి ఇవ్వరాదు.

ఆయన రోజంతా గేదెలనూ దూడలనూ చూసే మనిషి. అయినా చేత్తో పొట్ట తడిమి క్షణంలో చెప్పేశారు. మూత్రాశయం బత్తాయి కాయలా గట్టిగా ఉంది, దారి మూసుకుపోయింది అని. మగపిల్లికి మూత్రనాళం చివర బాగా సన్నగా ఉంటుంది. మూత్రంలో ఇసుక రేణువుల్లాంటివి ఏర్పడి, జిగురుతో కలిసి, ఆ సన్నని చోట బిరడాలాగా అడ్డుపడతాయి. నీళ్ళు తక్కువ తాగే పిల్లికి, ఎండు మేత మీదే బతికే పిల్లికి, ఇంట్లోనే ఉండి కదలిక లేని పిల్లికి, భయపడి బెదిరిన పిల్లికి ఇది ఎక్కువగా వస్తుంది. ఆడపిల్లులకు నాళం వెడల్పు కనుక అరుదు. బయటకు పోవలసిన విషపదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. "సాయంత్రం వెళ్తాను అనకండి. ఇప్పుడే వెళ్ళండి. నా దగ్గర అంత సన్నని గొట్టం లేదు. దారిలో పొట్ట నొక్కి చూడకండి, లోపల పగిలిపోతుంది" అన్నారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక.

బెజవాడలో ఒక ప్రైవేటు వైద్యశాలలో చేర్చాము. మత్తు ఇచ్చి గొట్టం వేశారు. మూడు రోజులు సెలైను ఎక్కించారు. అక్కడ మేము చేసిన తప్పు ఒకటుంది, దాన్ని దాచుకోము. ఎంతవుతుందని ముందు అడగలేదు. అడిగితే పిసినారి అనుకుంటారేమో, ప్రాణానికి వెల కడుతున్నాడనుకుంటారేమో అని సిగ్గు. వాళ్ళూ చెప్పలేదు. పూట పూటకూ ఒక చీటీ వచ్చేది. చివరికి లెక్క చూసుకుంటే రక్త పరీక్షలకు 1,400, మత్తుకూ గొట్టానికీ 4,500, మూడు రోజుల ఉనికికీ సెలైనుకూ 6,000, మందులకు 1,300, రానుపోను కారుకు 2,800 రూపాయలు. మొత్తం 16,000. ప్రైవేటు బడిలో, మక్తబ్‌లో చదువు చెప్పేవాడికి ఇది నెల జీతానికి దగ్గర. పండుగ బట్టల సొమ్ములో నుంచి సగం పోయింది. మిగతాది తోటి ఉస్తాద్ ఒకరు ఖర్జె హసనాగా ఇచ్చారు. వీధి మొగలో ఫైనాన్సు వాళ్ళు నూటికి మూడు చొప్పున ఇస్తామన్నారు. వడ్డీ సొమ్ముతో మూగజీవిని బతికించి ఏ పుణ్యం కట్టుకుంటాము?

ఖర్చు ముందుగా అడగడం తప్పు కాదని తర్వాత తెలిసింది. మంచి వైద్యులు దానికి నొచ్చుకోరు. "మా దగ్గర ఇంత ఉంది. ఇందులో ఏది తప్పనిసరి, ఏది ఆగవచ్చు?" అని అడిగితే, రెండు పరీక్షల్లో ఒకటి చాలని, ఖరీదైన మందు బదులు చవకది వాడవచ్చని వాళ్ళే చెబుతారు. ప్రభుత్వ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు కూడా ఉన్నాయి. మనకు దగ్గరలో గన్నవరంలో ఉంది. పశువుల కోసం 2022లో మన రాష్ట్రంలో సంచార వైద్య వాహనాలు మొదలయ్యాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వస్తాయి గాని, వాటి పని ముఖ్యంగా పాడి పశువులతోనే. హైదరాబాద్‌లో సినీనటి అమల 1992లో స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు మన డెల్టా పట్నాలకు దూరం. రేపల్లె లాంటి ఊళ్ళో పిల్లికి జబ్బు చేస్తే చివరికి మన జేబు, మన కాళ్ళే దిక్కు.

షరీఅత్ ఏమంటున్నది?

ఇప్పుడు ఎదురింటి పెద్దాయన ప్రశ్నకు వద్దాం. మన సమాజంలో ఈ ప్రశ్న రెండు విధాలుగా వినబడుతుంది. మనుషులకే గతి లేనప్పుడు పిల్లికి వేలు పోయడం దుబారా కాదా అని కొందరు. పిల్లిని పెంచడం సున్నత్ అని వినికిడి మాటలు చెప్పి, దాని కోసం ఇల్లు గుల్ల చేసుకున్నా పుణ్యమేనని మరికొందరు. ఈ రెండు మాటలనూ గ్రంథాల ముందు పెట్టి చూడాలి.

పిల్లి పట్ల మహాప్రవక్త (స) వైఖరి అందరికీ తెలిసినదే. హజ్రత్ అబూ హురైరా (ర) కు ఆ పేరు వచ్చిందే పిల్లికూన వల్ల. హజ్రత్ అబూ ఖతాదా (ర) ఒకసారి కోడలు కబ్షా ఇంటికి వచ్చారు. ఆమె వజూ కోసం నీళ్ళు పెట్టింది. ఇంతలో పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి దానికి తాగడానికి వీలు కల్పించారు. కోడలు వింతగా చూడటం గమనించి, పిల్లి అపరిశుద్ధమైనది కాదని, అది మీ చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పినట్లు వివరించారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్న ఉల్లేఖనం ఇది. ఇంట్లో తిరుగాడే సేవకులకు, పిల్లలకు ఖుర్ఆన్ వాడిన మాటే ఇక్కడ పిల్లికి వాడబడిందని మన ఉస్తాద్‌లు చెప్పేవారు.

ఇక రెండో హదీసు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) ఉల్లేఖనం, బుఖారీ ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తినడానికి దాన్ని వదలనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగా ఆమె నరకానికి పాత్రురాలైంది. ఈ హదీసును మేము ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాము. ఆమె ఎంత కఠినాత్మురాలో అని చెప్పి పాఠం ముగించేవాళ్ళము. బుట్ట ఒళ్ళో పెట్టుకుని గుంటూరు వెళ్తున్నప్పుడు మాత్రం ఇంకొకటి తోచింది. ఆమె పిల్లిని కొట్టినట్లు హదీసులో లేదు. తలుపు వేయడమే ఆమె చేసిన పని. వీధిలో తిరిగే పిల్లి ఆకలి ఆమె లెక్కలో లేదు. తలుపు వేశాక అది ఆమె లెక్కలోకి వచ్చింది.

మన ఫుఖహాలు సరిగ్గా ఈ గీత దగ్గరే ఆగి మాట్లాడారు. మాలికీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఒక మస్అలా ఉంది. చూపు పోయిన పిల్లి ఒకటి ఎవరి ఇంట్లోనైనా చేరి, అక్కడి నుంచి వెళ్ళలేని స్థితిలో ఉంటే దాని పోషణ ఆ ఇంటివారి మీద వాజిబ్ అవుతుంది. వెళ్ళగలిగే శక్తి ఉంటే వాజిబ్ కాదు, తరిమివేయవచ్చు. చూడండి, ఆ ఇంటివారు దాన్ని కొనలేదు, పిలవలేదు. అయినా వెళ్ళలేని ప్రాణి మన గడపలో ఉన్నదన్న ఒక్క కారణం చాలింది. ఇక మనమే తెచ్చి, మనమే తలుపు వేసిన పిల్లి సంగతి చెప్పనక్కరలేదు. మన హనఫీ మజ్‌హబ్‌లో కూడా పెంచే పశువు పోషణ యజమాని మీద దేవుని ముందు బాధ్యతే. ఖాజీ బలవంతం చేయగలడా లేదా అన్నదానిలో భేదం ఉంది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) చేయవచ్చు అన్నారు. మన దేశ చట్టం కూడా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, తన సంరక్షణలో ఉన్న జంతువుకు అనవసర బాధ కలగకుండా చూసుకోవడం మనిషి విధి అంటున్నది.

అయితే తిండి, నీళ్ళు వేరు, వైద్యం వేరు. తిండి విషయంలో సందేహమే లేదు. వైద్యం గురించి దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. ముసలితనం తప్ప మందులేని జబ్బును దైవం పుట్టించలేదని హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (ర) ఉల్లేఖనంలో వచ్చింది. కాని మనిషి తన జబ్బుకు మందు వాడటాన్నే ఫుఖహాలలో చాలామంది వాజిబ్ అనలేదు, మంచిది అన్నారు. అలాంటప్పుడు ప్రతివాడూ పిల్లి ఆపరేషనుకు పాతిక వేలు పెట్టి తీరాలని మేమెలా చెప్పగలం? చెప్పలేము. పెట్టలేనివాడు పాపాత్ముడని అసలే చెప్పలేము. పళ్ళెంలో అన్నం పెట్టాను, నా పని అయిపోయింది అనుకుని, మూత్రం బిగిసి రాత్రంతా మూలిగే ప్రాణి పక్కన నిద్రపోవడం మాత్రం ఆ హదీసు తెలిసినవాడికి సాధ్యం కాదు.

దుబారా అన్నవారి మాటలోనూ ఒక నిజం ఉంది. దాన్ని తోసిపుచ్చకూడదు. జకాత్ సొమ్ములో ఒక్క పైసా కూడా పిల్లి వైద్యానికి చెల్లదు. తౌబా సూరాలో జకాత్ తీసుకునే ఎనిమిది వర్గాలవారూ మనుషులే. ఆ సొమ్ము హక్కుదారుని చేతికి అంది అతని సొంతం కావాలన్నది హనఫీల షరతు. పిల్లి దేనికీ యజమాని కాలేదు. కనుక ఈ ఖర్చు మన సొంత డబ్బులో నుంచి, లేదా నఫిల్ సదఖాగా ఇతరులు ఇచ్చిన దానిలో నుంచి పోవాలి. దప్పికగొన్న కుక్కకు బావిలో దిగి నీళ్ళు తెచ్చి పోసినవాడిని దైవం క్షమించాడన్న హదీసులోనే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యముందని వచ్చింది. అది సదఖా అనడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు.

ఒకప్పుడు ముస్లిం సమాజాలు ఈ భారాన్ని ఒక్కడి జేబుకు వదిలేయలేదు. 13వ శతాబ్దపు ఈజిప్టు సుల్తాను బైబర్స్ కైరోలో దిక్కులేని పిల్లుల కోసం ఒక తోటను వక్ఫ్ చేశాడు. 1830ల నాటి కైరోను చూసి 1836లో గ్రంథం ప్రచురించిన ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు దాని తరవాతి కథ రాశాడు. ఆరు వందల ఏళ్ళకు ఆ ఆస్తి చేతులు మారి, రాబడి పేరుకే మిగిలింది. అయినా ఖాజీ ఆ బాధ్యతను వదలలేదు. రోజూ అసర్ వేళకు ఖాజీ న్యాయస్థానం ఆవరణలో పిల్లులకు మేత పెట్టించేవాడు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం ఆయనే భరించవలసి వచ్చేది. పిల్లిని వదిలించుకోవాలనుకున్నవారు కూడా వీధిలో పారేయకుండా అక్కడికి తెచ్చి వదిలేవారట. వక్ఫ్ ఆస్తులు ఏమవుతాయో తెలిసిన మన పాఠకులకు ఆ కథలో మొదటి సగం కొత్తేమీ కాదు. రెండో సగమే మమ్మల్ని ఆలోచింపజేసింది.

గుంటూరులో

సెప్టెంబరులో భూరాకు రెండోసారి మూత్రం బిగిసింది. బెజవాడ దారి వరదతో ఆగిపోయింది గనుక గుంటూరు వెళ్ళాము. ఈసారి సిగ్గుపడకుండా ముందే అడిగాము. అక్కడి వైద్యుడు కుర్రవాడు, నెమ్మదస్తుడు. కాగితం తీసి లెక్క రాసి చూపించారు. నాళం చివరి సన్నని భాగాన్ని తీసివేసి వెడల్పు చేసే ఆపరేషను ఒకటి ఉంది, పాతిక వేల దాకా అవుతుంది, మళ్ళీ అడ్డుపడటం చాలావరకు తగ్గుతుంది అన్నారు. లేదా మళ్ళీ గొట్టం వేసి, మేత పూర్తిగా మార్చి, కనిపెట్టుకుని ఉండాలి. దానికి ఎనిమిది వేలు. కాని మళ్ళీ రాదని హామీ లేదు. కాసేపు ఆగి, రెండూ కాకపోతే బాధ లేకుండా నిద్రపుచ్చడం కూడా ఉందని మెల్లగా చెప్పారు.

బయట బెంచీ మీద కూర్చున్నాము. ఇంట్లో అమ్మాయి డిగ్రీ ఫీజుకు దాచిన ముప్పై వేలు ఉన్నాయి. ఆ సంగతి మాకూ తెలుసు, మా ఇంటావిడకూ తెలుసు. ఫోనులో ఆమె ఏమీ అనలేదు. "మీ ఇష్టమండీ" అంది. ఆ మాట కోపంగా అన్నా బాగుండేది.

మాకు చదువు చెప్పిన ఉస్తాద్ ఇంకా సజీవంగా ఉన్నారు. ఎనభై దాటినవారు. ఆయనకు ఫోన్ చేశాము. విషయమంతా విని ఉర్దూలో మూడు ప్రశ్నలు అడిగారు. "పిల్లల నఫఖాలో కోత పెట్టబోతున్నావా? జకాత్ సొమ్ము తాకావా? వడ్డీకి తెచ్చావా?" ఇప్పటివరకు లేదన్నాము. "అయితే అమ్మాయి ఫీజు ముట్టుకోకు. అది దాని హక్కు. మిగిలిన దానిలో చేతనైనంత చేయి. ఆ పైన నీ మీద భారం లేదు. కాని బాధపడేదాన్ని మాత్రం తలుపు వెనక వదిలేయకు" అన్నారు. నిద్రపుచ్చడం గురించి కూడా అడిగాము. హాని చేసే పిల్లిని సైతం కొట్టరాదని, చెవి మెలిపెట్టరాదని, తప్పనిసరైతే పదునైన కత్తితో జిబహ్ చేయాలని ఫతావా ఆలంగీరీలో ఉన్న సంగతి గుర్తుచేశారు. బాధ తగ్గని జబ్బు విషయంలో ఈనాటి ముఫ్తీల మధ్య భేదం ఉంది, ఆ రోజు వస్తే విడిగా అడుగు, ఇవాళ వైద్యుడు ఆశ ఉందంటున్నాడు కదా అన్నారు.

గొట్టం వేయించాము. ఆపరేషను చేయించలేదు. పాతిక వేలు మా దగ్గర లేవు, అంతే. ఇది సరైన నిర్ణయమని ఇతరులకు చెప్పడానికి రాయడం లేదు. డబ్బున్నవారు చేయిస్తే మేము సంతోషిస్తాము.

చవకగా దొరికేది జాగ్రత్త ఒక్కటే. ఇంట్లో నాలుగు చోట్ల మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టాము. మేత గిన్నె పక్కన కాక దూరంగా పెడితే ఎక్కువ తాగుతోంది. ఎండు గింజలు నానబెట్టి, ఉప్పూ కారం వేయని కోడి ఉడికించిన నీళ్ళు కలిపి పెడుతున్నాము. వట్టి కోడిమాంసమే పెడదామంటే వైద్యుడు వద్దన్నారు. అందులో పిల్లికి కావలసిన సున్నం ఉండదట. తౌరీన్ అనే పదార్థం కూడా ఉడికిస్తే నీళ్ళలోకి పోతుంది. అది తగ్గితే పిల్లి గుండె, చూపు దెబ్బతింటాయి. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఎండుచేపల మీద దానికి మహా ప్రీతి. ఆ ఉప్పు చేపలు పూర్తిగా మానిపించాము. పాలు కూడా మానిపించాము. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లి అంటే పాలు అని మన తెలుగు సామెతలు ఎన్ని చెప్పినా సరే. మూత్రంలో రేణువులు కరగడానికి వైద్యుడు రాసిన మేత ఖరీదైనది. రెండు నెలలు వాడి, ఆయన చూసి చెప్పాక మామూలు దానికి మార్చాము.

అన్నిటికన్నా ముఖ్యమైనది రోజూ చూడటం. బూడిద పళ్ళెం బదులు ఇసుక పళ్ళెం పెట్టి, ఉదయం ఫజర్ తర్వాత, రాత్రి ఇషా తర్వాత ముద్దలు లెక్కపెడతాము. ఈ పని మక్తబ్ పిల్లల్లో ఇద్దరు వంతులు వేసుకున్నారు. "హజ్రత్, ఇవాళ మూడు" అని ఒకడు వచ్చి చెబుతాడు. ఇసుక తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని, ఇంట్లో గర్భవతులుంటే వాళ్ళు ఈ పని ముట్టుకోరాదని వాళ్ళకు నేర్పాము. పూటంతా పళ్ళెం పొడిగా ఉంటే మందులు వెతకడం లేదు, వైద్యునికి ఫోన్ చేస్తున్నాము. పిల్లి ఒకటి రెండు రోజులు తినకపోయినా అలాగే చేయాలి. పస్తుంటే దాని కాలేయం త్వరగా పాడవుతుంది.

ఖర్చు కోసం ఒక రేకు డబ్బా పెట్టాము. నెలకు 500 అందులో వేస్తున్నాము. మస్జిదులో ఒకరిద్దరు తెలిసినవాళ్ళు అప్పుడప్పుడు పదో ఇరవయ్యో వేసి వెళ్తారు. జకాత్ కాదు కదా అని అడిగి మరీ తీసుకుంటాము. ఒకాయన నొచ్చుకున్నారు కూడా. ఇప్పటికి ఆ డబ్బాలో నుంచి రెండు పిల్లులకు టీకాలు వేయించాము. వజూఖానాలో తిరిగే ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాము. మేలు ఉన్నప్పుడు పశువులకు అలాంటివి చేయించవచ్చని హిదాయా మొదలైన గ్రంథాలలో ఉంది గనుక ఎవరూ సందేహించవద్దు. తోటి ఉస్తాద్ ఖర్జ్‌లో ఇంకా 2,000 బాకీ ఉంది. ఆయన అడగడం లేదు, మేము మరచిపోవడం లేదు.

ఎదురింటి పెద్దాయనకు మేము ఇప్పటికీ జవాబు చెప్పలేదు. వరద తీసిన తర్వాత ఒక రోజు ఆయనే వచ్చి గుమ్మంలో ఆగి, భూరా బతికిందా అని అడిగారు. బతికిందన్నాము. ఆ మూత్రం సంగతంతా విని, తమ గేదెదూడకు ఒకసారి ఇలాగే అయి చచ్చిపోయిందని చెప్పారు. అప్పటి నుంచి పొద్దున పాలు పోయించుకుని వెళ్తూ మా గుమ్మం ముందు ఒక నిమిషం ఆగుతారు.

"సాయిబు గారూ, ఒంటికి పోసిందా?"

"పోసిందండీ" అంటే తలూపి వెళ్ళిపోతారు.